పాత కారు సస్పెన్షన్ పని: నల్గొండలోనే చేయించాలా, హైదరాబాద్ పోవాలా?

గుంతలో పడ్డప్పుడల్లా ముందు చక్రాల దగ్గర కటకటమంటే "మంచి షెడ్డు ఏది?" అని అడుగుతారు. దానికంటే ముందు పోయిన సామాను ఏదో తేల్చుకోవాలి. ఒక్కో సామానుకు ఒక్కో పనిముట్టు కావాలి, అది ఎవరి దగ్గరుంటే అక్కడికే పోవాలి.

చదును నేల మీద ఆపి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు చక్రం జాకీతో లేపి స్టాండు వేయండి. గడియారంలో 9, 3 ఉండే చోట టైరు పట్టుకొని ఊపితే లూజు తెలిసిందంటే టై రాడ్ ఎండ్ గానీ ర్యాక్ ఎండ్ గానీ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ రెండు కొసల కీళ్లు) అరిగినట్టు. 12, 6 దగ్గర లూజుంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. లూజు పోతే వీల్ బేరింగ్, అట్లాగే ఉంటే బాల్ జాయింట్, అంటే చక్రాన్ని లోయర్ ఆర్మ్‌కు కలిపే గుండ్రటి కీలు.

బాల్ జాయింట్ అయితే ఏ షెడ్డుకూ నడుపుకుంటూ పోవద్దు. అది ఊడితే చక్రం పక్కకు మడతపడుతుంది. మెకానిక్‌నే ఇంటికి పిలవండి, లేదా బండిని ఎక్కించి పంపండి.

చిన్న చిన్న గుంతలకే కటకటమనేది చాలాసార్లు లింక్ రాడ్డే, అంటే కారు పక్కకు ఒరగకుండా ఆపే బార్‌ను సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీ. చక్రానికి రెండు నట్లు, అంతే పని. నట్టుతో పాటు బోల్టు కూడా తిరిగితే చివర ఆలెన్ కీ పెట్టి పట్టుకోవాలి, తుప్పు పట్టి మొరాయిస్తే గ్రైండర్‌తో కోయాలి. దీనికి ఊళ్లో షెడ్డు చాలు. టై రాడ్ ఎండ్ కూడా అక్కడే అవుతుంది, కాకపోతే అదే రోజు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాలి.

షాక్ అబ్జార్బర్ల నుంచి ఆయిల్ కారుతుంటే రెండు పక్కలా కలిపే మార్చండి. ముందువైతే స్ప్రింగ్‌ను నొక్కి పట్టే పనిముట్టు, స్ప్రింగ్ కంప్రెసర్ ఉందా అని అడిగి, కళ్లతో చూశాకే కారు ఇవ్వండి. తీగలు, తాళ్లు కట్టి స్ప్రింగ్ ఊడదీసే చోట ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు. జారితే ప్రాణాల మీదికి వస్తుంది. విప్పినప్పుడే పై మౌంటు, బంప్ స్టాపర్, డస్ట్ కవర్ చూసుకుంటే మళ్లీ విప్పే కూలీ తప్పుతుంది.

షెడ్డుకూ షెడ్డుకూ తేడా వచ్చేది లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచే చెయ్యి) బుష్షుల దగ్గర, అంటే దాని కీళ్లలోని రబ్బరు ముక్కల దగ్గర. బ్రేకు వేస్తే "డబ్" మనడం, టైరు లోపలి అంచు అరగడం వీటి గుర్తులు. బుష్షును ప్రెస్ మిషన్‌తోనే ఎక్కించాలి, సుత్తితో కొడితే రబ్బరు చిరుగుతుంది. ప్రెస్ లేకుంటే ఆర్మ్ మొత్తం మార్చడం మేలు. ఆర్మ్ బోల్టులను చక్రం గాలిలో ఉండగా పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుంటుంది, కారు దిగగానే మెలితిరిగి తొందరగా తెగుతుంది. వదులుగా పెట్టి, కారు బరువంతా చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. "కొత్త బుష్షు వేయించినా నెలలకే పోయింది" అనే చోట చాలాసార్లు తప్పు ఇక్కడే.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బిల్లు, వారంటీ ఉంటాయి గానీ కూలీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, కొన్ని మోడళ్లకు బుష్షు విడిగా ఇవ్వక ఆర్మే కొనమంటారు. పాత మోడల్ సామాను ఇక్కడ దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో అడగండి, చాసిస్ నంబరూ పాత ముక్క ఫొటోలూ దగ్గరుంచుకోండి. మీరే తెచ్చిన సామాను చెడిపోతే రెండోసారి కూలీ ఎవరిదో షెడ్డులో ముందే మాట్లాడుకోండి.

నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. లింక్ రాడ్డు కోసం అంత దూరం పోవడం డీజిల్ దండగ. స్టీరింగ్ ర్యాక్ రిపేరు, యాక్సిడెంట్‌లో వంగిన సబ్‌ఫ్రేమ్ (లోయర్ ఆర్మ్‌లు బిగించే ఇనుప చట్రం) లాంటి పనులకైతే పోవచ్చు.

లోయర్ ఆర్మ్, టై రాడ్, ముందు షాక్‌లు మార్చాక అలైన్‌మెంట్ తప్పనిసరి, లింక్ రాడ్డుకు అక్కర్లేదు. లూజు సామానుతో ముందే చేయించిన అలైన్‌మెంట్ నిలవదు. బండి తీసుకునేటప్పుడు పాత ముక్కలు డిక్కీలో వేయించుకోండి, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు ఇంకోసారి చూపించండి.