అటకలో ఇరుక్కున్న వేడిని బయటికి పంపడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా సిరొంచ వైపు పెంకుటిళ్లలో అసలు బాధ పొద్దుగూకాక మొదలవుతుంది. రాత్రి పదింటికి నిచ్చెనెక్కి అటక చెక్క మీద అరచెయ్యి పెట్టి చూడండి, ఇంకా కాలుతూనే ఉంటుంది. పగలంతా కప్పు తాగిన ఎండ అక్కడే నిలిచిపోయి, తెల్లవార్లూ మంచాల మీదికి దిగుతుంది. ఏసీ కొనే ముందు ఆ వేడికి దారి చూపించండి.

ముందు చూరు చూడండి. వాసాల మధ్య సందులను పిట్టలొస్తాయనో, ఎలుకలొస్తాయనో గుడ్డలు కుక్కి, మట్టి మెత్తి మూసేసి ఉంటారు. వాటిని తెరిచి ఇనుప జాలీ కొట్టించండి. చల్లగాలి వచ్చేది అక్కడినుంచే.

తర్వాత పక్కగోడ పైకొసన, కప్పుకు వీలైనంత దగ్గరగా, వాన జల్లు పడకుండా ఏటవాలు రెక్కలున్న కిటికీ పెట్టించండి. వేడిగాలి తేలిక, పైకే పోతుంది. 300 చదరపు అడుగుల అటకకు గాలి ఆడే ఖాళీ మొత్తం 2 చదరపు అడుగులుండాలి, సగం కింద, సగం పైన. జాలీ, రెక్కలు కలిసి ఆ ఖాళీలో దాదాపు సగం తినేస్తాయి కాబట్టి రంధ్రాలు రెట్టింపు కోయించండి. చాలామంది పైన మాత్రమే తెరిచి వదిలేస్తారు. కింద దారి లేకపోతే పైనుంచి గాలి సరిగా పోదు. ఆ స్థితిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే ఇంకా నష్టం, చెక్కల సందుల్లోంచి గదిలోని చల్లగాలినే లాగేస్తుంది.

అటక మీద వరిగడ్డి పరిస్తే చల్లగా ఉంటుందని కొందరంటారు. దయచేసి ఆ పని చేయకండి. పక్కనే కరెంటు వైర్లుంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు.

రేకుల ఇల్లయితే వేసవికి ముందే పైన తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది.

ఇక కూలర్. మనది పొడి ఎండ కాబట్టి బాగా పనిచేస్తుంది, కానీ ఎదుటి కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. తలుపులన్నీ బిగించుకుంటే గది తడిసిన గోనెసంచిలా ఉక్కపోస్తుంది. వానలు మొదలయ్యాక పంపు ఆపేసి ఫ్యాన్‌లా వాడండి. ఏసీ ఉన్నవాళ్లు 24 డిగ్రీల దగ్గర పెట్టి సీలింగ్ ఫ్యాన్ తిప్పుకుంటే సరిపోతుంది.

పొద్దున తొమ్మిదింటికల్లా గది కిటికీలు మూసి, రాత్రి చల్లబడ్డాక తెరవండి. అటక దారులు మాత్రం పగలూ రాత్రీ తెరిచే ఉండాలి.