రిమైండర్ వేస్తే గడువు పెరగదు: వివక్షపై ఫిర్యాదు చేసే ప్రభుత్వ ఉద్యోగులు చూసుకోవాల్సిన తేదీలు

ప్రమోషన్లలో తనను దాటేసి జూనియర్‌కి ఇచ్చారని ఒకాయన ఆమధ్య కాగితాల కట్ట పట్టుకుని వచ్చారు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయం, పేరు మనకెందుకు. కట్ట విప్పితే పైన ఒక రిప్రజెంటేషన్, అంటే పై అధికారులకు రాసుకున్న వినతి, దాని వెనక ఏడు రిమైండర్లు. ప్రతిదాని మీదా ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ, గుమాస్తా పొట్టి సంతకం. ఇంత పద్ధతిగా కాగితాలు దాచుకున్న మనిషిని నేను చూడలేదు. "జవాబు రానీ, అప్పుడు కేసు వేద్దామని ఆగాను" అన్నారు. అలా ఆగినందుకే గడువు దాటిపోయింది.

వివక్ష అని అందరం ఒకే మాట అంటాం గానీ, దేని మీద వివక్ష, ఎక్కడ ఫిర్యాదు అన్నదాన్ని బట్టి రోజులు మారతాయి. కేంద్ర ఉద్యోగికి ఎక్కువగా ఉపయోగపడేది కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్, అందరూ పిలిచే పేరు క్యాట్. ముందు దాని సంగతి.

క్యాట్: ఆరు నెలలు, ఆపైన ఏడాది

ప్రమోషన్, సీనియారిటీ, జీతం, బదిలీ, శిక్ష లాంటి సర్వీసు విషయాల్లో అందరితో సమానంగా చూడలేదన్న కేసులన్నీ ఇక్కడికే వస్తాయి. 1985 నాటి పరిపాలనా ట్రైబ్యునళ్ల చట్టంలో రెండు సెక్షన్లు కలిపి చదవాలి. 20వ సెక్షన్ ప్రకారం శాఖలో ఉన్న మార్గాలు ముందు వాడుకోవాలి, అంటే అప్పీలో, రిప్రజెంటేషనో పెట్టాలి. దానికి తుది ఉత్తర్వు వస్తే సరే. రాకపోతే ఆరు నెలలు చూస్తే చాలు, ఆ మార్గం అయిపోయినట్టే లెక్క. 21వ సెక్షన్ ప్రకారం తుది ఉత్తర్వు వచ్చి ఉంటే ఆ ఉత్తర్వు తేదీ నుంచి ఏడాది లోపు, రాకపోతే ఆ ఆరు నెలలు ముగిసిన రోజు నుంచి ఏడాది లోపు క్యాట్‌లో దరఖాస్తు వేయాలి.

తేదీలు వేసి చూద్దాం. 2024 మార్చి 11న జూనియర్‌కి ప్రమోషన్ ఉత్తర్వు వచ్చింది. మీరు ఏప్రిల్ 5న రిప్రజెంటేషన్ ఇచ్చారు. జవాబు లేదు. అక్టోబర్ 5తో ఆరు నెలలు అయ్యాయి. అక్కడి నుంచి ఏడాది, అంటే 2025 అక్టోబర్ మొదటి వారం. అదే జులై 20న "మీ వినతిని పరిశీలించి తిరస్కరించడమైనది" అని కాగితం వచ్చిందనుకోండి, లెక్క జులై 20 నుంచే మొదలు. ఇక్కడొక మెలిక ఉంది. ఏడాదిని చట్టం ఉత్తర్వు చేసిన తేదీ నుంచి లెక్కేస్తుంది. కాగితం మీ చేతికి వారం ఆలస్యంగా వచ్చినా లెక్క పైన ఉన్న తేదీ నుంచే వేసుకోండి, నష్టం ఉండదు.

మరి ఆ ఏడు రిమైండర్లు? లెక్కలోకి రావు. చట్టంలో లేని వినతులు ఎన్నిసార్లు పెట్టినా గడువు పెరగదని సుప్రీంకోర్టు 1989లోనే, ఎస్.ఎస్. రాథోర్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనంతో చెప్పింది. పాతబడిన విషయం మీద ఎప్పుడో వినతి ఇచ్చి, దానికి శాఖ ఇచ్చిన జవాబు చూపించి మళ్లీ కొత్త గడువు అడగడం కూడా కుదరదని 2008లో సి. జాకబ్ కేసులో చెప్పింది. రాష్ట్రపతికి, మంత్రికి పెట్టుకునే మెమోరియల్, అంటే విన్నపపత్రం విషయంలో కూడా చాలామంది పొరబడతారు. అది పెట్టి తీరాలని చట్టం అనలేదు. మీ అంతట మీరు పెడితే మాత్రం దాన్నీ ఒక మార్గంగా లెక్కేస్తారు. నన్నడిగితే దాని జోలికి పోకపోవడమే మేలంటాను.

శిక్ష పడిన వాళ్లకి శాఖలోనే ఇంకో చిన్న గడువుంది. సీసీఏ నిబంధనల (కేంద్ర ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనల) కింద అప్పీలు, ఉత్తర్వు కాపీ అందిన రోజు నుంచి 45 రోజుల్లో వేయాలి. అది వేయకుండా నేరుగా క్యాట్‌కి వెళ్తే ముందు అడిగేది అదే. అన్నిటికంటే చిన్నది ఏపీఏఆర్‌ది, అంటే ఉద్యోగి పనితీరు మీద ఏటా రాసే రిపోర్టుది. రిపోర్టులో కావాలని మార్కులు తగ్గించారనిపిస్తే, అది చేతికందిన 15 రోజుల్లో రిప్రజెంటేషన్ పడాలి. రెండేళ్ల తర్వాత ప్రమోషన్ పోయాక ఆ రిపోర్టు గుర్తొచ్చి లాభం లేదు.

దరఖాస్తు ఫారం-1లో ఉంటుంది. మీరు పోస్టింగులో ఉన్న చోటు ఏ బెంచి కిందికి వస్తే అక్కడ వేయవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాళ్లకి హైదరాబాద్ బెంచి. రిటైరైన వాళ్లు తాము ఉంటున్న ఊరిని బట్టి వేసుకోవచ్చు. రుసుము ₹50. లాయర్ లేకుండా సొంతంగా కూడా వేయొచ్చు. ఫారంలో 3వ అంశం లిమిటేషన్, అంటే గడువు, 6వది వాడుకున్న మార్గాల వివరం. కథంతా 4వ అంశంలో రాసుకుంటారు, అక్కడే అందరికీ శ్రద్ధ. 3వ దాని దగ్గర "గడువులోనే ఉంది" అని ఒక్క ముక్క రాసేసి పోతారు. అలా పోకండి, తేదీలు అక్కడే వరసగా పెట్టండి. అవతలి పక్షం ఎత్తకపోయినా ట్రైబ్యునల్ గడువు సంగతి తనంతట తాను చూసి తీరాలి.

గడువు దాటితే దారి పూర్తిగా మూసుకుపోదు. ఆలస్యాన్ని మన్నించమని విడిగా మరో దరఖాస్తు, దానికి అఫిడవిట్ జతచేయాలి. అందులో కారణం బలంగా ఉండాలి. ఆస్పత్రిలో ఉన్నాను, ఉత్తర్వు కాపీ ఇవ్వలేదు లాంటివి కాగితంతో చూపిస్తే వింటారు. "జవాబు కోసం ఎదురుచూశాను" అన్నది ఒక్కటే అయితే కష్టం.

జీతం స్థిరీకరణలో తప్పు, పెన్షన్‌లో కోత లాంటివి కొంచెం వేరు. నెలనెలా నష్టం జరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆలస్యమైనా వింటారు. కాకపోతే బకాయిలు మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే ఇస్తారు. 2008 నాటి తర్సేమ్ సింగ్ కేసులో ఇది వివరంగా ఉంది. ప్రమోషన్, సీనియారిటీకి ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే అక్కడ మీ కేసు గెలిస్తే ఇంకొకరి కుర్చీ కదులుతుంది.

క్యాట్ అందరిదీ కాదు. సైన్యం, నౌకాదళం, వాయుసేన సభ్యులు దీని కిందికి రారు. రక్షణ శాఖలోని సివిలియన్లు వస్తారు. ప్రభుత్వ రంగ సంస్థల్లో క్యాట్ కిందికి తెస్తూ కేంద్రం నోటిఫై చేసినవాటి ఉద్యోగులకే ఈ దారి. బీఎస్ఎన్ఎల్ వాళ్లకి ఉంది, బ్యాంకు వాళ్లకి లేదు.

లైంగిక వేధింపు: మూడు నెలలు

2013 చట్టం లైంగిక వేధింపును సమానత్వపు హక్కు ఉల్లంఘనగానే చూస్తుంది. ఆఫీసులోని అంతర్గత ఫిర్యాదుల కమిటీకి ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. వరసగా జరుగుతుంటే చివరి ఘటన నుంచి లెక్క. అప్పటికీ ఇవ్వలేకపోతే కారణం రాసి కమిటీ ఇంకో మూడు నెలల వరకు పెంచవచ్చు. అంతకు మించి కమిటీ చేతిలో లేదు. రాయడం కష్టమైతే రాయడానికి సాయం చేయడం కమిటీ బాధ్యత.

ఫిర్యాదు ఆరు కాపీలు, సాక్షుల పేర్లు, చిరునామాలు, ఉన్న కాగితాలు ఇవ్వాలి. మెసేజ్‌లు ఉంటే తేదీ కనిపించేలా ప్రింటు తీయండి. ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి షీ-బాక్స్ అనే ప్రభుత్వ పోర్టల్ కూడా ఉంది. విచారణ 90 రోజుల్లో ముగించాలి, ఈలోపు బదిలీ గానీ మూడు నెలల వరకు సెలవు గానీ అడగవచ్చు. ఈ సెలవు మీ ఖాతాలోంచి తీయరు. చాలామందికి ఈ ముక్క తెలియక మెడికల్ లీవు పెట్టుకుంటారు. కమిటీ సిఫార్సుల మీద అప్పీలుకు 90 రోజులు. అంతకు ముందు పై అధికారికి నోటితో చెప్పినందువల్ల ఏ గడువూ మొదలవదు, ఆగదు కూడా.

వైకల్యం, కులం

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో ఆయన విచారణ జరపాలి. తృప్తి లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినంత మాత్రాన తీసేయడం, హోదా తగ్గించడం ఈ చట్టం ఒప్పుకోదు.

ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులు జాతీయ కమిషన్లకు రాయవచ్చు. కమిషన్ పిలిస్తే శాఖ ఫైళ్లతో రావాల్సిందే, ఆ బలం దానికుంది. స్టే ఇచ్చే అధికారం మాత్రం లేదని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. కమిషన్‌లో ఫైలు నడుస్తోంది కదా అని క్యాట్ ఏడాదిని వదిలేయకండి. రెండూ పక్కపక్కనే నడిపించుకోవాలి.

రాష్ట్ర ఉద్యోగులు

తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర పరిపాలనా ట్రైబ్యునల్ రద్దయింది కాబట్టి సర్వీసు వివాదాలు నేరుగా ఆయా హైకోర్టులకు రిట్‌గా వెళ్తాయి. రిట్‌కి ఇన్ని రోజులని చట్టంలో అంకె లేదు. అలాగని తీరుబడిగా వెళ్తే కుదరదు. జూనియర్ ప్రమోషన్ మీద అభ్యంతరం ఉన్నవాళ్లు ఆరు నెలల్లో, మహా అయితే ఏడాదిలో రావాలని సదాశివస్వామి కేసులో సుప్రీంకోర్టు అన్న మాటను ప్రభుత్వ ప్లీడర్లు ఇప్పటికీ చూపిస్తుంటారు. ఆ తీర్పు 1974ది.

మొదట చెప్పిన ఆయన కట్టను మళ్లీ పేర్చాం. మొదటి రిప్రజెంటేషన్ పైకి వచ్చింది, దాని మీద ఇన్‌వర్డ్ తేదీకి ఎర్ర సిరాతో గీత పడింది. ఏడు రిమైండర్లు ఆలస్యం మన్నింపు దరఖాస్తుకి అనుబంధాలయ్యాయి. నాలుగో రిమైండరుకీ ఐదో రిమైండరుకీ మధ్య పదకొండు నెలల ఖాళీ ఉంది. అక్కడ ఏం జరిగిందో అఫిడవిట్‌లో రాయడానికే ఆయనకి రెండు రోజులు పట్టింది.