భోగికి ముందు మొండికేసిన గ్యాస్ గీజర్

విజయనగరంలో మా ఇంటి గ్యాస్ గీజర్ సరిగ్గా భోగికి రెండు రోజుల ముందు మొండికేసింది. కుళాయి తిప్పితే టిక్ టిక్ శబ్దం కూడా లేదు. పండగ పూట తలంట్లు ఎలాగని అమ్మకు ఒకటే టెన్షన్. 1.5 వోల్టుల లావు బ్యాటరీలు రెండూ మార్చాను. ఊహూఁ. మెకానిక్ వచ్చి, మూత కూడా తీయకుండానే కొత్తది కొనుక్కోమన్నాడు.

ఇందులో ట్యాంకు ఉండదు కదా. నీళ్లు జోరుగా వస్తేనే లోపలి రబ్బరు పొర కదిలి స్విచ్ పడుతుంది, అప్పుడే నిప్పురవ్వ. చూస్తే వేడినీళ్ల ధార పెన్సిలంత సన్నం. పక్కన చన్నీళ్లు మాత్రం భేషుగ్గా వస్తున్నాయి. సిలిండర్ కట్టేసి, నీళ్లు ఆపి, గీజర్‌లోకి నీళ్లొచ్చే పైపు విప్పాను. బొటనవేలి గోరంత జాలీ, దాన్నిండా ఎర్రటి ఇసుక. మా బోరు ప్రసాదం! పాత టూత్‌బ్రష్‌తో తోమి, కొత్త వాషర్ వేసి బిగించాను. గ్యాస్ జాయింట్ల జోలికి మాత్రం పోలేదు.

అన్నట్టు, గీజర్ ఉన్నది బయట వరండా గోడకి. బాత్రూమ్‌లో పెడదామని నాన్న అంటే నేనే ఒప్పుకోలేదు. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసనైనా రాదు, మనిషి పోతాడు.

కుళాయి తిప్పగానే టప్‌మని నీలిమంట. అమ్మ అప్పుడే నువ్వుల నూనె సీసా తీసింది.