పెద్ద సంఖ్యను విప్పి చూద్దాం – 6వ పాఠం: రామానుజన్ జాబితాలో లేని సంఖ్య

పోయిన పాఠం చివర ఇచ్చిన 5,040 సంగతి ముందు తేల్చేద్దాం. అది 2⁴ × 3² × 5 × 7. దీని కారణాంకాలు ఎన్నో తెలియడానికి అన్నీ వరసగా రాయక్కర్లేదు. 2ను అసలు తీసుకోకపోవచ్చు, లేదా ఒకటి నుంచి నాలుగు సార్లు తీసుకోవచ్చు. మొత్తం 5 దారులు. 3కి 3 దారులు, 5కి, 7కి రెండేసి. 5 × 3 × 2 × 2 = 60. అంటే ప్రతి ఘాతాంకానికీ 1 కలిపి, వచ్చినవాటిని గుణించడమే.

ఇవాళ్టి సంఖ్య 2,93,31,86,25,600. ఇరవై తొమ్మిది వేల కోట్ల పైమాటే. టెన్షన్ వద్దు, కాగితం, పెన్ను చాలు.

చివర రెండు సున్నాలున్నాయి కాబట్టి 100 (2² × 5²) తీసేయండి. మిగిలింది 2,93,31,86,256. సగం చేస్తూ పోతే నాలుగోసారికి 18,33,24,141 అనే బేసి సంఖ్య వస్తుంది. దాని అంకెల మొత్తం 27, కనుక 9తో భాగించండి: 2,03,69,349. దీని అంకెల మొత్తం 36, మళ్ళీ 9తో భాగించండి: 22,63,261. ఇప్పుడు మొత్తం 22, ఇక 3తో పోదు. 7తో భాగిస్తే 3,23,323.

ఇక్కడ పెన్ను పక్కన పెట్టి ఆ సంఖ్యను కాసేపు చూడండి. 323 పక్కనే మళ్ళీ 323! మూడంకెల సంఖ్యను ఇలా రెండుసార్లు రాస్తే దాన్ని 1,001తో గుణించినట్టే. 323 వేలకు ఇంకో 323 కలిసింది కదా. 1,001 అంటే 7 × 11 × 13. ఇక 323 అంటే 18 వర్గానికి ఒకటి తక్కువ, అంటే 17 × 19. ఇలాంటి చోటే లెక్క చేయడంలో ఉన్న ఆనందం తెలుస్తుంది.

అన్నీ కూడితే: 2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19. కారణాంకాలు 7 × 5 × 3 × 3 × 2 × 2 × 2 × 2 = 5,040. మొదట్లో చూసిన 5,040 మళ్ళీ ఎదురొచ్చింది!

11 ఒక్కసారే ఉంది కాబట్టి ఇది వర్గ సంఖ్య కాదు. అసలు విశేషం వేరే ఉంది. దీనికంటే చిన్న సంఖ్యల్లో దేనికీ ఇన్ని కారణాంకాలు లేవు. ఇలాంటివాటిని అత్యధిక సంయుక్త సంఖ్యలు అందాం. వీటి మీద శ్రీనివాస రామానుజన్ 1915లో పెద్ద వ్యాసం ప్రచురించారు. వీటిలో ప్రధాన సంఖ్యలు 2 నుంచి వరసగా, మధ్యలో ఖాళీ లేకుండా ఉంటాయి. ఘాతాంకాలు తగ్గుతాయి లేదా అలాగే ఉంటాయి, పెరగవు. ఎందుకంటే 3 కంటే 5కి పెద్ద ఘాతాంకం ఉంటే, ఆ రెండు ఘాతాంకాలనూ తారుమారు చేయండి: కారణాంకాల లెక్క మారదు, సంఖ్య మాత్రం చిన్నదవుతుంది. 4, 36 తప్పిస్తే చివరి ప్రధాన సంఖ్య ఒక్కసారే వస్తుంది. అయితే ఈ రూపం ఉన్నంత మాత్రాన చాలదు. 30 = 2 × 3 × 5కి 8 కారణాంకాలు, కానీ 24కీ 8 ఉన్నాయి.

రామానుజన్ ఇచ్చిన జాబితా 67,46,32,83,88,800 దాకా వెళ్తుంది. మన సంఖ్య అందులో జారిపోయింది. మరీ ఆశ్చర్యం, ఆ చివరి సంఖ్య సరిగ్గా మన సంఖ్యకు 23 రెట్లు! కాబట్టి దాని కారణాంకాలు రెట్టింపు, 10,080.

వచ్చే పాఠానికి 36,03,600ను విప్పండి. కారణాంకాలు 360 రావాలి. అందులోనూ 1,001 దాక్కుని ఉంది.