మాటలు రాని ఆటిజం బిడ్డకు ముందుగా చెప్పుకునే దారి

మాటలు రాని ఆటిజం పిల్లలున్న ఇళ్లలో చికిత్స అంటే మాటలు తెప్పించడమేనన్న అభిప్రాయం బలంగా ఉంటుంది. ఆ కోరిక సహజమే గానీ, మాటలు వచ్చేదాకా బిడ్డ తన ఆకలిని, నొప్పిని, అయిష్టాన్ని ఎలా చెప్పుకోవాలన్నదే ముందుగా చూడవలసిన విషయం. చెప్పుకునే దారి లేకనే చాలామంది పిల్లలు తల కొట్టుకుంటారు, వస్తువులు విసురుతారు.

పేరు పెట్టి పిలిచినా పలకని బిడ్డకు మొదట బెరా వంటి వినికిడి పరీక్ష చేయించాలి. తిరుపతిలోనైతే రుయా ఆసుపత్రి పిల్లల విభాగంలో చూపించి, స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ ఎక్కడ దొరుకుతాయో అడగవచ్చు. ఆటిజం నిర్ధారణ కాగితం చేతికొచ్చేదాకా ఇంట్లో బిడ్డకు నేర్పే పని ఆపనక్కరలేదు.

ఆ పనిని బిడ్డకు బాగా ఇష్టమైన ఒక్క వస్తువుతో మొదలుపెట్టండి. అది మురుకు అనుకుందాం. ఇంట్లో తినే మురుకునే ఫోటో తీసి, అరచేతిలో ఇమిడే కార్డుగా లామినేషన్ చేయించండి. తల్లి మురుకు పట్టుకుని ఎదురుగా కూర్చోవాలి, కార్డు ఇద్దరి మధ్యా ఉండాలి. బిడ్డ మురుకు కోసం చేయి చాపగానే, వెనుక కూర్చున్న తండ్రో అవ్వో ఏమీ మాట్లాడకుండా ఆ చేతిని కార్డు వైపు మళ్లించి, దాన్ని తీసి తల్లి చేతిలో పెట్టేలా సాయపడాలి. కార్డు అందిన మరుక్షణమే తల్లి "మురుకు" అంటూ చిన్న ముక్క ఇవ్వాలి; ముక్క చిన్నదైతేనే బిడ్డ మళ్లీ అడుగుతుంది. "ఏం కావాలి, చెప్పు" అని ఒత్తిడి చేయకుండా, వెనుక నుంచి అందించే సాయాన్ని క్రమంగా తగ్గించాలి. 1985లో అమెరికాలో రూపొందిన పెక్స్ అనే, బొమ్మ కార్డు ఇచ్చి కావలసింది అడిగే పద్ధతికి ఇదే తొలి మెట్టు. తర్వాత "వద్దు", "నొప్పి", "బాత్‌రూమ్" కార్డులు చేర్చండి, అన్నిటినీ బిడ్డకు అందే ఎత్తులోనే ఉంచండి.

బొమ్మ కార్డులకు అలవాటుపడితే మాటలు రావన్న భయానికి ఆధారం లేదు. కొందరిలో మాటలు కాస్త పెరిగినట్టే పరిశోధనలు చూపాయి. చిత్తూరు ప్రాంతంలో అవ్వ తమిళం, అమ్మ తెలుగు మాట్లాడే ఇళ్లు మామూలే, ఆటిజం పేరుతో అవ్వ తన భాషను మానుకోవలసిన పని లేదు.

థెరపిస్టు దగ్గర గడిచేది వారానికి కొద్ది గంటలే కాబట్టి, ప్రతిసారీ ఇంట్లో చేయవలసిన ఒక్క పనిని మీ చేత చేయించి చూపమని అడగండి. పూర్తిగా నయం చేస్తామనే ప్రకటనలను నమ్మవద్దు. ముఖ్యంగా ఒంట్లోని లోహాలను తీసేస్తామంటూ ఇచ్చే చిలేషన్ మందులు ప్రాణానికే ప్రమాదం.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం ధ్రువపత్రం, దివ్యాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీ కార్డు తీసుకుని, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయండి. ఏడాదికి 1 లక్ష రూపాయల వరకూ రక్షణ ఇచ్చే ఆ పథకంలో థెరపీ ఖర్చులకూ కొంత మొత్తం ఉంటుంది.

గంగమ్మ జాతర డప్పులు, తిరుమల క్యూల రద్దీ ఇలాంటి పిల్లల్లో కొందరికి భరించరానివి. వెళ్లక తప్పనప్పుడు చెవులకు శబ్దం తగ్గించే మఫ్‌లు పెట్టి, పేరు, మీ ఫోన్ నంబరు ఉన్న కార్డును చొక్కా లోపల కుట్టి, "ఇంటికి పోదాం" అనే బొమ్మ కార్డును బిడ్డ చేతికే ఇవ్వండి. బిడ్డ దాన్ని చూపినప్పుడు దర్శనం సగంలో ఉన్నా వెనక్కి రండి.