పాత చెక్క సామాను నిజంగా పాతదేనా? ముందు తిరగేసి చూడండి

హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్లో ఏ పాత టేబుల్ దగ్గర ఆగినా వినపడే మాట ఒకటే, "సాబ్, నిజాం జమానే కా మాల్ హై" అని, అంటే నిజాం కాలం నాటి సరుకు అని. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు, అది చెక్కనే అడిగి తెలుసుకోవాలి. నేనైతే పైన చూడటం మానేసి ముందు అడుగు చూస్తా. పైన పాలిష్ ఎవరైనా కొడతారు, నగిషీ ఎవరైనా చెక్కిస్తారు, కానీ టేబుల్ అడుగు, బీరువా వెనక పలక, సొరుగు లోపలివైపు, వీటి జోలికి పెద్దగా ఎవరూ పోరు. అక్కడ చెక్క పాలిష్ లేకుండా ఎండిపోయి, గాలికి రంగు తిరిగి ఉండాలి. అడుగు కూడా ఒకే ముదురు రంగులో నీట్‌గా ఉంటే ఎవరో స్టెయిన్ పూశారేమో అని అనుమానించండి.

తర్వాత సొరుగు మొత్తం బయటికి లాగండి. ముందు పలకా పక్క పలకా కలిసే మూలలో పావురం తోకలా విచ్చుకున్న పళ్ళు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి, చేత్తో కోసినవైతే ఒక పన్ను లావు ఒకటి సన్నం, పక్కనే వడ్రంగి గుర్తుకి గీసుకున్న గీత కూడా కనపడొచ్చు, అన్నీ అచ్చు గుద్దినట్టు ఉంటే మిషన్ పని. సొరుగు కింది అంచు వేలితో తడమండి, ఏళ్ల తరబడి వాడిందైతే అరిగి పల్లంగా ఉంటుంది, అది జారే పట్టీ మీద కూడా దానికి జోడీగా అరుగుదల ఉండాలి. ఒకటి అరిగి రెండోది కొత్తగా ఉందంటే ఏదో ఒకటి మార్చినట్టే.

స్క్రూలు కూడా చూడండి. తల మీద ప్లస్ గుర్తులా గాడి ఉండే స్టార్ స్క్రూకి పేటెంట్లు వచ్చిందే 1930లలో, ఒకటీ అరా ఉంటే రిపేర్‌లో వేశారనుకోవచ్చు, పక్కన పాత బెజ్జాలేమీ లేకుండా అన్నీ అవే ఉంటే మాత్రం వందేళ్ల మాట నమ్మకండి. మన చట్టంలో కూడా, 1972 నాటి యాంటిక్విటీస్ యాక్ట్ ప్రకారం, ఇలాంటి వస్తువు యాంటిక్ అనిపించుకోవాలంటే కనీసం వందేళ్లు ఉండాలి, అలాంటిదాన్ని మామూలు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు.

ఇప్పుడు అసలు విషయం, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. హైదరాబాద్‌లో పాత దేవిడీలు (నవాబుల భవంతులు), పెంకుటిళ్లు కూల్చినప్పుడు వచ్చిన టేకు దూలాలు, తలుపులు కోసి కొత్త ఫర్నిచర్ చేస్తారు. చెక్క నిజంగానే పాతది, బల్ల మాత్రం పోయినేడాదిది! నేను కొన్న రాత బల్ల ఇంటికొచ్చాక వెల్లకిలా తిప్పితే అడుగున ఓ కాలికి మూడంగుళాల పొడవు గాడి, అందులో చెక్కముక్క అతికించి పూడ్చారు, అది ఒకప్పటి తలుపు బందు కూర్చున్న చోటు. బల్ల కాలికి బందుతో పనేంటి? పనికిరాని చోట మేకు బెజ్జాలు, పూడ్చిన గాడులు, సగంలో తెగిన నగిషీ కనపడితే పాత టేకు రేటు ఇవ్వండి, యాంటిక్ రేటు ఇవ్వకండి.

గుండ్రటి టేబుల్ అయితే టేపు పెట్టి పొడుగు చారల వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి, చెక్క అడ్డంగానే ఎక్కువ కుంచించుకుపోతుంది కాబట్టి ఒకే చెక్కతో చేసిన పాత బల్ల అడ్డంలో కాస్త తగ్గి ఉంటుంది. పురుగు బెజ్జాలున్నాయని మురిసిపోకండి, డ్రిల్‌తో కూడా వేస్తారు. సన్న తీగ దూర్చి చూడండి, పురుగు తొలిచింది లోపల వంకర తిరుగుతుంది, డ్రిల్‌ది నేరుగా పోతుంది.

స్పిరిట్ టెస్ట్ గురించి చాలామంది చెప్తారు. దూదితో ఓ మూల రాస్తే లక్క పాలిష్ జిగురుగా కరుగుతుంది, అలా కరిగితే పాతదే అంటారు, కానీ లక్క పాలిష్ ఇప్పుడూ కొడుతున్నారు, అందుకే దీని ఒక్కదాని మీదే తేల్చకండి.

ఇన్నీ చూసి పాతదే అని తేలితే తెచ్చీ తేగానే సాండర్ పెట్టించి తెల్లగా గీకించకండి ప్లీజ్, ఆ రంగు మళ్లీ రావాలంటే ఇంకో వందేళ్లు పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి పల్చగా మైనం పట్టిస్తే చాలు.