ఆకలి మీద ఐపీసీ రిపోర్ట్ ఎలా చదవాలి

సూడాన్ గురించో గాజా గురించో చదివేటప్పుడు ఐపీసీ ఫేజ్ 3, ఫేజ్ 4 అని కనిపిస్తుంటుంది కదా, అది ఇంటిగ్రేటెడ్ ఫుడ్ సెక్యూరిటీ ఫేజ్ క్లాసిఫికేషన్, ఆకలి ఎంత తీవ్రంగా ఉందో 1 నుంచి 5 దాకా ఫేజ్‌లుగా చెప్పే, 2004లో సోమాలియాలో మొదలైన కొలత. మానవతా సాయం, పాలసీ మీద ప్రాజెక్ట్ రాసేవాళ్లు ముందు ఇది చదవడం నేర్చుకోండి.

మ్యాప్‌లో రంగు చూసి ఆగిపోకండి, టేబుల్‌లోకి వెళ్లండి. ఫేజ్ 1లో పెద్ద ఇబ్బంది లేదు, 2 అంటే ఎలాగోలా నెట్టుకొస్తున్నారు, 3 అంటే తిండి తగ్గింది లేదా పనిముట్లూ పశువులూ అమ్ముకుని తింటున్నారు, 4 అంటే అమ్ముకోడానికి కూడా దాదాపు ఏం మిగల్లేదు, పిల్లలు చిక్కిపోతున్నారు, 5 అంటే ఇక చావులే. ఒక ప్రాంతానికి రంగు వేయాలంటే అక్కడ కనీసం 20 శాతం జనం ఆ ఫేజ్‌లో గానీ అంతకన్నా ఘోరంగా గానీ ఉండాలి, అంటే ఫేజ్ 3 రంగున్న జిల్లాలో కూడా వందకి పదిహేను మంది ఫేజ్ 4లో ఉండొచ్చు, మ్యాప్‌లో వాళ్లు కనపడరు.

ఒక ప్రాంతంలో క్షామం, అంటే ఫేజ్ 5, అని తేల్చడానికి గీత చాలా పైన ఉంటుంది: 20 శాతం ఇళ్లలో తిండి దాదాపు లేకపోవాలి, పిల్లల్లో 30 శాతం తీవ్రంగా చిక్కిపోవాలి, రోజుకి ప్రతి 10,000 మందిలో ఇద్దరు ఆకలితోనో దానివల్ల వచ్చిన జబ్బుతోనో పోవాలి. అందుకే ఆ మాట వచ్చేదాకా ఆగితే ఆలస్యం అయిపోయినట్టే. సోమాలియాలో 2011 జులైలో ప్రకటించారు, ఆ విపత్తులో సుమారు 2.6 లక్షల మంది పోయారని తర్వాత లెక్క తేలింది, వాళ్లలో దాదాపు సగం ప్రకటనకి ముందే పోయారు. కాబట్టి మీ పేపర్లో ఫేజ్ 4 అంకెనే పైన పెట్టండి, నా ఉద్దేశంలో సాయం పంపాల్సిన టైమ్ అదే.

రెండేళ్లు పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త, ఎంతమంది జనాభాని లెక్కలోకి తీసుకున్నారో రెండింట్లోనూ చూడండి, పోయినసారి చూడని జిల్లాలు ఈసారి కలిస్తే అంకె దానంతటదే పెరుగుతుంది. యుద్ధం వల్ల సర్వే వాళ్లు వెళ్లలేని చోట డేటా లేకపోతే అక్కడ ఆకలి లేదని రాయకండి. రాబోయే నెలల అంచనా భాగం అయితే ఏ షరతుల మీద వేశారో, వానలా, ధరలా, లారీలు వెళ్లే దారా, అది తప్పకుండా చదవండి.

చివరగా ఐక్యరాజ్యసమితి ఫైనాన్షియల్ ట్రాకింగ్ సర్వీస్‌లో ఆ దేశానికి ఎంత అడిగారు, ఎంత వచ్చింది చూసి, ఫేజ్ 4 హెచ్చరిక వచ్చిన తేదీ పక్కన డబ్బు అందిన తేదీ రాసుకోండి, ఆ మధ్యలో పోయిన నెలలకి కారణం ఏంటో వెతకడమే మీ అసలు రీసెర్చ్.